నెల తప్పిన నాటి నుంచి జనన ధ్రువపత్రం దాకా: ఊళ్లో అందే ప్రభుత్వ సేవలను ఎలా పొందాలి

మీ ఇంట్లో కోడలో, కూతురో, భార్యో నెల తప్పిందని తెలిసిన రోజు నుంచి పుట్టిన బిడ్డకు రెండేళ్లు నిండే వరకు అవసరమయ్యే సేవల్లో చాలా భాగం మీ ఊళ్లోనే, ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే, రూపాయి ఖర్చు లేకుండా అందాలి. అయితే అవన్నీ ఒకే గుమ్మం దగ్గర దొరకవు. ఊరి ఆరోగ్య ఉపకేంద్రంలో ఉండే నర్సమ్మ, అంటే ఏఎన్‌ఎం, వైద్యారోగ్య శాఖకు చెందుతుంది, అంగన్‌వాడీ కార్యకర్త మహిళా శిశు సంక్షేమ శాఖ కింద పనిచేస్తుంది, జననాన్ని రిజిస్టరులో నమోదు చేసే పంచాయతీ కార్యదర్శి పంచాయతీరాజ్ శాఖకు జవాబుదారీ. ముగ్గురి రిజిస్టర్లు వేరు, ముగ్గురి పైఅధికారులు వేరు. ఈ మూడు చోట్లా మీ ఇంటి ఆడపిల్ల పేరు ఒకే తీరుగా, తేదీలతో సహా పడేలా చూసుకోవడమే మీరు చేయవలసిన అసలు పని. నేను ఐదేళ్లు వార్డు సభ్యురాలిగా ఉన్నాను. ఆ కాలంలో మా ఊళ్లో సాయం అందక బాధపడిన ఇళ్లలో ఎక్కువ చోట్ల పథకం లేకపోవడం కాదు, ఎక్కడో ఒక పేరో తేదీయో రాయకపోవడమే కారణమని కళ్లారా చూశాను.

ఇక్కడ చెప్పేది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాలకు సరిపోతుంది. పట్టణాల్లో తేడా ఉన్న చోట విడిగా చెబుతాను. ఒక్క మాట ముందే గుర్తుంచుకోండి: ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకాల పేర్లు మారుతుంటాయి, కిట్లు వస్తుంటాయి, ఆగుతుంటాయి. అందుకే పేరు పట్టుకుని అడగకుండా, సేవ పట్టుకుని అడగండి. “ఫలానా పథకం ఉందా” అనే ప్రశ్నకు “లేదు” అని చెప్పి పంపడం సులువు. “రక్తపరీక్ష ఎప్పుడు చేస్తారు, గుడ్లు ఏ రోజు ఇస్తారు” అనే ప్రశ్నకు జవాబు చెప్పి తీరాలి.

మొదట మీ ఊరి మనుషులను తెలుసుకోండి

మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు, కొండ ప్రాంతాల్లో, గిరిజన ప్రాంతాల్లో 3,000 జనాభాకు ఒక ఉపకేంద్రం ఉండాలన్నది నిబంధన. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మైదానంలో 30,000 మందికి, ఏజెన్సీలో 20,000 మందికి ఒకటి. సుమారు వెయ్యి మందికి ఒక ఆశా కార్యకర్త ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాక ఏఎన్‌ఎంలు సచివాలయం ద్వారా కూడా దొరుకుతున్నారు; తెలంగాణలో చాలా ఉపకేంద్రాలను పల్లె దవాఖానాలంటున్నారు, హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలున్నాయి. మీ వీధి ఆశా ఎవరు, మీ ఏఎన్‌ఎం ఏ రోజుల్లో ఊళ్లో ఉంటుంది, మీ ఇల్లు ఏ అంగన్‌వాడీ కేంద్రం పరిధిలోకి వస్తుంది అనే మూడు విషయాలను కనుక్కుని, వాళ్ల ఫోన్ నంబర్లను ఇంట్లో గోడ మీద రాసిపెట్టండి. ఫోనులో దాచుకుంటే చాలదు, ఎందుకంటే అర్ధరాత్రి నొప్పులొచ్చినప్పుడు ఆ ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో చెప్పలేం.

12 వారాల లోపు పేరు రాయించండి

మూడో నెల దాటేదాకా బయటికి చెప్పకూడదన్న నమ్మకం మన ఇళ్లలో ఇప్పటికీ గట్టిగానే ఉంది. ఊరందరికీ చెప్పనక్కర్లేదు, ఆశాకు చెప్పండి చాలు. 12 వారాల లోపు నమోదు జరిగితేనే మొదటి పరీక్షలు వేళకు జరుగుతాయి, మొదటి మూడు నెలల్లో వేసుకోవలసిన ఫోలిక్ యాసిడ్ మాత్రలు అందుతాయి, ఆ తర్వాత వచ్చే నగదు సాయానికి ఆధారం దొరుకుతుంది. నమోదుకు వెళ్లేటప్పుడు ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, రేషన్ కార్డు పట్టుకెళ్లండి, చివరి నెలసరి మొదటి రోజు తేదీని కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆ తేదీని బట్టే ప్రసవం తేదీని లెక్కకడతారు కనుక “సంక్రాంతికి అటూ ఇటూ” అని చెప్పి ఊరుకోవద్దు.

నమోదు కాగానే గర్భిణికి ఒక గుర్తింపు సంఖ్య వస్తుంది, తల్లీబిడ్డల సంరక్షణ కార్డు చేతికిస్తారు. ఇంటికి రాకముందే ఆ కార్డు మీద పేరును ఆధార్‌లోని పేరుతో అక్షరం అక్షరం పోల్చి చూడండి. పెళ్లయిన కొత్తలో ఈ చిక్కు మరీ ఎక్కువ: ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, కార్డులో అత్తింటి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరే లేకుండా ఒట్టి పేరు ఉంటాయి. మనిషి ఒక్కతే అని మనకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు. ఆధార్‌లో మార్పు చేయించాలనుకుంటే ఈ నెలల్లోనే చేయించండి, లేదా ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే అన్నిచోట్లా రాయించండి.

నాలుగు పరీక్షలు, కార్డులో ఖాళీ గడులు

కాన్పు అయ్యేలోగా కనీసం నాలుగు సార్లు పరీక్షలు జరగాలి: మొదటిది 12 వారాల లోపు, రెండోది 14 నుంచి 26 వారాల మధ్య, మూడోది 28 నుంచి 34 వారాల మధ్య, నాలుగోది 36 వారాల తర్వాత. వీటిలో కనీసం ఒక్కసారైనా డాక్టరు చేత చేయించాలి. అందుకోసమే 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ప్రత్యేకంగా డాక్టరు పరీక్షలు చేస్తున్నారు. నాలుగో నెల దాటాక ఏదో ఒక 9వ తేదీని ముందే అనుకుని పెట్టుకోండి.

ప్రతి పరీక్ష అయ్యాక ఏఎన్‌ఎం దగ్గర నుంచి లేవకముందే కార్డు తెరిచి చూడండి. బరువు, బీపీ, హిమోగ్లోబిన్, మూత్రపరీక్ష, బిడ్డ గుండె చప్పుడు అనే గడులు వరుసగా ఉంటాయి. ఏ గడి ఖాళీగా ఉంటే ఆ పరీక్ష జరగలేదని అర్థం. “ఇది ఎందుకు రాయలేదమ్మా” అని మర్యాదగా అడగండి. రద్దీలో మరిచిపోవడం మామూలే, గుర్తు చేస్తే తప్పుపట్టరు. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే ప్రమాదం, పెద్దాసుపత్రికి వెళ్లాలి. బీపీ 140/90కి చేరితే మరుసటి పరీక్ష దాకా ఆగకూడదు. రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది కనుక, “మా అమ్మాయి చూడ్డానికి బాగానే ఉంది” అన్న మాటకు ఇక్కడ విలువ లేదు.

నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 ఐరన్ మాత్రలు, రోజుకు రెండు కాల్షియం మాత్రలు ఇస్తారు. ఈ రెంటినీ కలిపి మింగితే ఐరన్ ఒంటికి పట్టదు. అన్నం తిన్నాక కాల్షియం వేసుకుని, కనీసం రెండు గంటల ఎడంతో ఐరన్ వేసుకోవాలి. ఐరన్ వేసుకున్న వెంటనే టీ తాగకూడదు, నిమ్మరసం తాగితే మంచిదే. మాత్రల వల్ల విరేచనం నల్లగా అవుతుందని, వికారం వస్తుందని ముందే చెప్పేవాళ్లు లేకపోవడంతో చాలా మంది వారం రోజులకే ఆపేస్తారు. మా ఊళ్లో ఒక ఇంటి ఎదురు గుమ్మంలో తులసికోట వెనక ఎర్రటి మాత్రల అట్టలు విప్పకుండా పడి ఉండటం నేను చూశాను. ఆ అమ్మాయికి అప్పటికి ఏడో నెల. అత్తగారు పక్కన కూర్చుని రాత్రి భోజనం తర్వాత మాత్ర వేయించడం మొదలుపెట్టాకే అవి సక్రమంగా సాగాయి. ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసే టీడీ టీకా రెండు మోతాదులు నాలుగు వారాల తేడాతో వేయించాలి. గత కాన్పు మూడేళ్ల లోపు అయి, అప్పుడు రెండూ వేయించి ఉంటే ఒక్కటి చాలు.

అంగన్‌వాడీలో, బ్యాంకులో

గర్భిణికి, ప్రసవమయ్యాక ఆరు నెలల వరకు తల్లికి అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం ఇవ్వాలని 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం చెబుతోంది. అంటే ఇది దయతో పెట్టే అన్నం కాదు, చట్టం ఇచ్చిన హక్కు. తెలంగాణలో 2015 జనవరి 1 నుంచి కేంద్రంలోనే ఒక పూట అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు పెట్టే పద్ధతి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం, కందిపప్పు, నూనె, గుడ్లు, పాలు, రాగిపిండి వంటివి ఇంటికి ఇచ్చే పద్ధతి నడుస్తోంది. ఇంటికి తెచ్చిన గుడ్లు ఇంటిల్లిపాదికీ పులుసు అయిపోతే గర్భిణికి దక్కేది సగం ముక్కే. ఆమె గుడ్డును ఆమె చేతే తినిపించే బాధ్యత మీదే.

నగదు సాయం విషయంలో, కేంద్ర ప్రభుత్వ మాతృ వందన యోజన 2017లో మొదలైంది. ఇప్పటి నిబంధనల ప్రకారం తొలి బిడ్డకు రెండు విడతల్లో మొత్తం 5,000 రూపాయలు వస్తాయి: గర్భం నమోదై ఒక పరీక్ష జరిగాక 3,000, బిడ్డ జననం నమోదై 14 వారాల టీకాల దాకా వేయించాక 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 రూపాయలు ఒకేసారి ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది అమల్లో ఉంది; తెలంగాణలో వాళ్లు అంగన్‌వాడీలో అడిగి తెలుసుకోండి. రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు వంటి వాటిలో ఏదో ఒకటి చూపాలి. ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించదు. డబ్బు గర్భిణి సొంత ఖాతాలోకి, ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాలోకి మాత్రమే వెళ్తుంది. ఒకటికి మించి ఖాతాలు ఉంటే దేనికి ఆధార్ అనుసంధానమైందో బ్యాంకులో అడిగి తెలుసుకోండి; డబ్బు పడలేదని వచ్చినవాళ్లలో ఇద్దరి డబ్బు, డిగ్రీ చదివే రోజుల్లో స్కాలర్‌షిప్ కోసం తెరిచి మరిచిపోయిన ఖాతాలో దొరికింది.

పుట్టింటికి పంపే ముందు

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి, ఒడి నింపి, అమ్మాయిని పంపుతాం. అధికారుల పద్ధతులేమో ఊరి ఊరికీ విడివిడిగా ఉంటాయి. అత్తవారి ఊరి ఆశా దృష్టిలో ఆమె ఊళ్లో లేదు, పుట్టింటి ఊరి ఆశా రిజిస్టరులో ఆమె పేరే లేదు. సరిగ్గా ఎనిమిదో, తొమ్మిదో నెలలో, అంటే ఎక్కువ జాగ్రత్త అవసరమైన వేళ, ఆమె ఎవరి లెక్కలోనూ ఉండదు.

మా వీధిలోనే ఇది జరిగింది. అమ్మాయిని ఎనిమిదో నెలలో పుట్టింటికి పంపారు, చీరలూ పసుపు కుంకుమలూ సర్దారు, కార్డు మాత్రం అత్తవారింటి బీరువాలో పట్టుచీర మడతలో ఉండిపోయింది. పది రోజులు ముందుగా, రాత్రి పూట నొప్పులు వచ్చాయి. తీసుకెళ్లిన ఆసుపత్రిలో రక్తపరీక్షలన్నీ మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది. ఆమెది నెగెటివ్ గ్రూపు అని కార్డులో మొదటి పేజీలోనే రాసి ఉంది. నెగెటివ్ గ్రూపు తల్లికి పాజిటివ్ గ్రూపు బిడ్డ పుడితే 72 గంటల లోపు ఇవ్వవలసిన ఇంజెక్షను ఒకటి ఉంది. అది రెండో రోజు సాయంత్రం, ఎవరో బైక్ మీద కార్డు పట్టుకెళ్లి చూపించాక గానీ ఇవ్వలేదు. వేళకు అందింది కనుక సరిపోయింది.

అందుచేత పంపే ముందు నాలుగు పనులు చేయండి. కార్డులో ప్రతి పేజీని ఫోటో తీసి భర్త ఫోనులో, తల్లి ఫోనులో పెట్టండి. అసలు కార్డు అమ్మాయి సంచిలో, పెట్టెలో కాదు, చేతిసంచిలో ఉండాలి. అత్తవారి ఊరి ఏఎన్‌ఎంకు వెళ్తున్న ఊరు, మండలం పేర్లు చెప్పి, అక్కడి ఏఎన్‌ఎం నంబరు అడిగి తీసుకోండి. పుట్టింటికి చేరిన వారం లోపు అక్కడి ఆశాను ఇంటికి పిలిచి కార్డు చూపించండి. గుర్తింపు సంఖ్య ఒక్కటే కనుక మళ్లీ కొత్తగా నమోదు చేయించుకోకూడదు, చేయించుకుంటే రెండు పేర్లయి నగదు సాయం చిక్కుకుంటుంది. అంగన్‌వాడీ ఆహారాన్ని పుట్టింటి ఊళ్లో తీసుకునేలా పేరు మార్పించమని పాత కేంద్రంలో అడగండి. అంగన్‌వాడీ వాళ్లు పేర్లు ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో అందుకు వీలుంది.

ప్రసవం

ఎనిమిదో నెల నిండేలోగా ప్రసవం ఎక్కడో తేల్చుకోండి. మునుపు సిజేరియన్ అయినా, కవలలున్నా, బీపీ ఉన్నా, హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువున్నా, ఎత్తు 145 సెంటీమీటర్ల కంటే తక్కువైనా ఊరి పక్కనున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కాక, ఆపరేషనుకు, రక్తానికి ఏర్పాటున్న ఏరియా ఆసుపత్రినో జిల్లా ఆసుపత్రినో ఎంచుకోండి. పాడేరు వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో, రోడ్డు లేక డోలీలో మోసుకురావలసిన ఊళ్ల వాళ్లు, తేదీకి రెండు వారాల ముందే గర్భిణుల వసతి గృహానికి చేరడం మంచిది. వాగు పొంగాక బయలుదేరడం కంటే అక్కడ పది రోజులు ఊరికే కూర్చోవడం మేలు.

నొప్పులు మొదలైతే 108కి ఫోన్ చేయండి. రక్తస్రావం, ఫిట్స్, కళ్లు మసకబారుతూ తీవ్రమైన తలనొప్పి, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏది కనిపించినా నొప్పుల కోసం ఎదురుచూడకండి. 2011 జూన్ 1 నుంచి అమల్లో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో సాధారణ ప్రసవం, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితం. సాధారణ కాన్పుకు మూడు రోజులు, సిజేరియనుకు ఏడు రోజులు భోజనం ఉచితం. ఇంటికి దింపే బండి కూడా ఉచితమే. ఆ బండిని ఆంధ్రప్రదేశ్‌లో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ అని, తెలంగాణలో అమ్మ ఒడి వాహనం అని పిలుస్తున్నారు. రెండింటికీ నంబరు 102. డిశ్చార్జికి ముందు రోజే అడిగి పెట్టుకోండి.

“మగబిడ్డ పుట్టాడు, ఏమిస్తారు” అని వార్డులో చేయి చాపేవాళ్లు ఎదురైతే ఇవ్వనవసరం లేదు. బాలింతను చూసి భయపడి చాలా మంది ఇచ్చేస్తారు. ఇవ్వకుండా, డ్యూటీ డాక్టరుకు చెప్పండి. తేదీ, వేళ రాసుకోండి.

ముహూర్తం చూసి కోత పెట్టించే అలవాటు గురించి ఒక మాట. 2019-21 సర్వే నాటికే తెలంగాణలో ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లు. అవసరమైన కోత ప్రాణం నిలబెడుతుంది. నక్షత్రం కోసం పెట్టే కోత నెలలు నిండని బిడ్డను బయటికి తెస్తుంది. డాక్టరు “ఎందుకు అవసరం” అన్నదానికి చెప్పే కారణాన్ని వినండి, అంతకు మించి తేదీని మీరు అడగకండి.

పుట్టిన గంట లోపు బిడ్డకు ముర్రుపాలు పట్టించండి. తేనె, పంచదార నీళ్లు, ఆముదం ఏవీ నాలుక మీద వేయకూడదు. ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు. బాలింతకు నీళ్లు తగ్గించే పథ్యం వద్దు, ఆమెకు ఐరన్ మాత్రలు మరో 180 రోజులు కొనసాగాలి.

21 రోజుల్లో జనన నమోదు

ఇక్కడ ఎక్కువ మంది పొరబడే విషయం ఒకటుంది: జననం నమోదయ్యేది మీ సొంత ఊళ్లో కాదు, బిడ్డ పుట్టిన చోట. పట్టణంలోని ఆసుపత్రిలో పుడితే ఆ మున్సిపాలిటీ పరిధిలో, పల్లెలో ఇంటి దగ్గర పుడితే ఆ గ్రామ పంచాయతీలో నమోదవుతుంది. ఆసుపత్రి ప్రసవమైతే సమాచారం పంపే బాధ్యత ఆసుపత్రిది; ఇంటి దగ్గర పుడితే ఇంటి పెద్దది. 1969 నాటి చట్టం ప్రకారం 21 రోజుల లోపు నమోదు ఉచితం. 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో, ఆ తర్వాత ఏడాది వరకు జిల్లా స్థాయి అధికారి అనుమతితో, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వుతో మాత్రమే నమోదవుతుంది. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన వారికి బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి, పుట్టిన ఊరికి ఈ ధ్రువపత్రమే ఆధారం.

డిశ్చార్జి అయ్యే రోజు, ఆసుపత్రి వాళ్లు పూరించే ఫారాన్ని అడిగి చూడండి. తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. నా కూతురి విషయంలో మేం ఆ ఫారాన్ని చూడకుండా వచ్చేశాం. వార్డులో ఎవరో అడిగితే మా అత్తగారు మా ఆయన ముద్దుపేరు చెప్పారట, అదే ధ్రువపత్రంలో తండ్రి పేరుగా పడింది. సరిచేయించడానికి ఎనిమిది నెలలు తిరిగాం. బిడ్డకు ఇంకా పేరు పెట్టకపోయినా నమోదు ఆపకండి. పేరు లేకుండానే నమోదు చేయించి, బారసాల అయ్యాక ఏడాది లోపు ఉచితంగా చేర్పించుకోవచ్చు. ధ్రువపత్రం నకళ్లు రెండు రాష్ట్రాల్లోనూ మీసేవలో, ఆంధ్రప్రదేశ్‌లో సచివాలయంలో కూడా తీసుకోవచ్చు.

ఇంటికొచ్చాక

ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. ఇంటి దగ్గర ప్రసవమైతే మొదటి రోజు కూడా రావాలి. వచ్చినప్పుడు బరువు తూచి, ఒళ్లు వెచ్చగా ఉందో లేదో చూసి, బొడ్డు చూడాలి. పురిటి గది అని గుమ్మంలోనే ఆపేయకండి. బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, ఊపిరి ఎగబీల్చినా, అరచేతులూ అరికాళ్లూ పచ్చబడినా అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. ఏడాది నిండే వరకు జబ్బుపడిన బిడ్డకు ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స, బండి ఉచితమే.

మన ఉపకేంద్రాల్లో టీకాలకు బుధ, శనివారాలు ఆనవాయితీ. పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల లోపు హెపటైటిస్ బి. తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, పోలియో, రోటావైరస్ వంటివి. 9 నెలలు నిండాక మీజిల్స్ రుబెల్లా, విటమిన్ ఏ. 16 నుంచి 24 నెలల మధ్య రెండో విడత. జలుబు చేసిందని టీకా మానేయనక్కర్లేదు, ఏఎన్‌ఎంను అడగండి. ఏడో నెల నుంచి మూడేళ్ల వరకు అంగన్‌వాడీలో బాలామృతం ప్యాకెట్ ఇస్తారు. తీసుకునే రోజే బిడ్డను తూయించండి, ఎడమ జబ్బకు రంగుల టేపు చుట్టించండి. ముంజేయి కాదు, భుజానికీ మోచేతికీ నడుమ కొలవాలి. 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే టేపు ఎర్రరంగులో ఆగుతుంది. అప్పుడు పెద్దాసుపత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రానికి పంపమని అడగండి.

సేవ అందకపోతే

ముందు సంబంధిత మనిషితోనే మాట్లాడండి, తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుతోనో, అంగన్‌వాడీ సూపర్‌వైజరుతోనో మాట్లాడండి. అప్పటికీ కాకపోతే పంచాయతీకి రండి. ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం, మహిళా శిశు అభివృద్ధి అనే మూడూ రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగినవిగా రాసిన అంశాలే. ప్రతి ఊళ్లో పంచాయతీకి ఎన్నికైన వారి అధ్యక్షతన గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ ఉండాలి. దానికి ఏటా 10,000 రూపాయల వరకు విడి నిధి ఇచ్చే ఏర్పాటుంది. మా ఊళ్లో గర్భిణులను తూచే యంత్రం పాడై, నెలల తరబడి కార్డులో బరువు గడి ఖాళీగా ఉండేది. నలుగురు తల్లులు ఒకే కాగితం మీద సంతకాలు చేసి ఇచ్చాక, కమిటీ నిధి నుంచే కొత్త యంత్రం వచ్చింది. అంతకు ముందు నోటిమాటగా ఎంత మంది చెప్పినా అది ఏ రిజిస్టరులోకీ ఎక్కలేదు.

మీరూ అలాగే రాసివ్వండి. ఒకే పేజీలో గర్భిణి పేరు, గుర్తింపు సంఖ్య, ఏ సేవ ఏ తేదీన అందలేదు, ఏం కావాలి అన్నది రాసి, కార్డులో ఖాళీ గడి ఉన్న పేజీ నకలు జత చేయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకటి కార్యదర్శికి ఇచ్చి రెండో దాని మీద తేదీతో సహా ముద్ర వేయించుకోండి. గ్రామసభ జరిగే రోజున ఆ కాగితాన్ని చదివి, తీర్మానాల పుస్తకంలో రాయమని అడగండి. నెల లోపు కదలిక లేకపోతే, ముద్ర ఉన్న ప్రతిని పట్టుకుని సోమవారం కలెక్టరు కార్యాలయంలో అర్జీలు తీసుకునే చోటికి వెళ్లండి. అక్కడ ఇచ్చే రశీదు నంబరును కార్డు వెనక అట్ట మీద రాసుకోండి.